పనిలో దెబ్బ తగిలితే, పని వల్ల జబ్బు చేస్తే: తిరుపతి, చిత్తూరు కార్మికులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పని ఒకటి, చిత్తూరు గ్రానైట్ యూనిట్లలో ఒకటి. నగరి మరమగ్గాలు, దామలచెరువు మామిడి మండీలు, తిరుపతి హోటళ్ల వంటశాలలు, ఇళ్ల కట్టుబడి, ఎక్కడి పని అక్కడిదే. దెబ్బ తగిలాక ఇంటివాళ్లు అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. ఎక్కువమందికి జవాబు ఆలస్యంగా అందుతోంది. అప్పటికి కాగితాల మీద ఏవేవో రాసి ఉంటాయి, ఎక్కడెక్కడో సంతకాలు అయిపోయి ఉంటాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

చట్టం సంగతి ఒక్కటి ముందే చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్ఐ (కార్మికుడు, యజమాని కట్టే చందాతో నడిచే ప్రభుత్వ బీమా) చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. పరిహారం లెక్కగట్టే పద్ధతి మాత్రం పాతదే.

## దెబ్బ తగిలిన ఆ గంటలో

మిషన్‌లో పడి వేలు తెగిపోయింది. ఐసులో వేసి తీసుకెళ్లాలా?

వేలిని నేరుగా ఐసులో వేయకండి. ఐసు తగిలితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, ఇక అతికించడం కుదరదు. మట్టి ఉంటే మంచినీళ్లతో మెల్లగా కడగండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి, నీళ్లు పోకుండా మూతి కట్టండి. ఆ కవరును ఐసు కలిపిన నీళ్ల డబ్బాలో ఉంచండి. మనిషి చేతికి శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి పట్టి, చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీపొడి వేయొద్దు. చల్లగా ఉంచిన వేలు కొన్ని గంటలు నిలుస్తుంది, కానీ మణికట్టు దగ్గరో ఇంకా పైనో తెగితే ఆరు గంటలు దాటకూడదు. దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి, తెగినది అతికించే ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారో లేదో కనుక్కోండి. లేని చోటికి వెళ్లి మళ్లీ ఇంకోచోటికి మారడంలోనే చాలా వేళ్లు పోతున్నాయి.

కంట్లో యాసిడ్ చింది. ఆసుపత్రికి పరుగెత్తాలా, ముందు కడగాలా?

ముందు కడగాలి. కుళాయి కిందో, సీసాతో పోస్తూనో కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా నీళ్లు పోయండి. రెప్పలు వేళ్లతో తెరిచి పట్టుకోవాలి. సున్నం, సిమెంటు, కాస్టిక్ సోడా పడినా ఇంతే. సున్నం పలుకులు రెప్ప కింద ఉంటే తడిగుడ్డ కొనతో తీసేయండి. చుక్కల మందు, పాలు, నూనె ఏవీ వద్దు. కడిగిన తర్వాతే బయల్దేరండి. పడిన పదార్థం డబ్బా మీది పేరు ఫోటో తీసి డాక్టరుకు చూపించండి.

తోటలో మందు కొడుతూ మా నాయన తల తిరిగి పడిపోయాడు. మజ్జిగ తాపించమంటున్నారు, తాపించొచ్చా?

వద్దు. మగతగా ఉన్న మనిషికి ఏది తాపించినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించడానికీ ప్రయత్నించకండి. మందు తడిసిన బట్టలు వెంటనే విప్పేసి, ఒళ్లు, జుట్టు సబ్బుతో బాగా కడగండి. కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కోవాలి, ఎందుకంటే ఆ మందు చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మందు డబ్బాను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే దానికి సరిపడే విరుగుడు ఇవ్వగలరు.

ట్యాంకులో దిగినవాడు పిలిస్తే పలకడం లేదు. నేను దిగి లాగనా?

దిగకండి. ఇది చదివే ప్రతి ఒక్కరినీ బతిమాలి చెబుతున్నాం, దిగకండి. సెప్టిక్ ట్యాంకులో, వ్యర్థ జలాల గుంతలో, ఎన్నాళ్లుగానో మూసి ఉన్న బావిలో పేరుకునే విషవాయువు రెండు మూడు శ్వాసల్లోనే మనిషిని పడేస్తుంది. ఊపిరి బిగబట్టి దిగుతాననుకున్నా లాభం లేదు, బరువు ఎత్తగానే ఊపిరి తీయాల్సి వస్తుంది. 2018లో పలమనేరు మండలం మొరం దగ్గర ఒక కోళ్ల పరిశ్రమలో ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఏడుగురు చనిపోయారు. ఇలాంటి చావుల్లో చాలాసార్లు ముందు పోయేది ఒక్కడే, మిగతావాళ్లు వాణ్ని కాపాడబోయినవాళ్లు.

పైనుంచే చేయగలిగినవి చేయండి. అన్ని మూతలూ తెరవండి, బ్లోయరో పెద్ద ఫ్యానో ఉంటే గాలి లోపలికి కొట్టండి, నడుముకు తాడు ఉంటే పైనుంచి లాగండి. అగ్నిమాపక దళానికి 101కి ఫోన్ చేయండి, గాలి సిలిండరు వేసుకుని దిగగలిగేది వాళ్లే. అసలు సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని రక్షణ సామగ్రి లేకుండా దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా దిగి చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఓనరు పంపించాడు గనక దిగాలి అనేది ఎక్కడా లేదు.

ఎండకు పనిలోనే పడిపోయాడు. సోడా ఇవ్వాలా?

తెలివిలో ఉండి మాట్లాడుతుంటే నీళ్లు, ఓఆర్ఎస్ ఇవ్వండి. మాట తడబడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ, ప్రాణం మీదికి వచ్చే స్థితి. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి తగిలేలా విసురుతూనే 108ని పిలవండి. అంబులెన్స్ వచ్చేదాకా తడుపుతూనే ఉండాలి.

## ఆసుపత్రిలో

'ఇంట్లో జారిపడ్డాడని చెప్పండి, ఖర్చంతా నేను చూసుకుంటా' అంటున్నాడు ఓనరు. అలాగే చెప్పమంటారా?

చెప్పకండి. ఆ క్షణంలో ఆయన మాట మంచిగానే అనిపిస్తుంది, చేతిలో డబ్బు లేనప్పుడు మరీ. కానీ ఆసుపత్రిలో మొదట రాసే చీటీలో 'ఇంట్లో పడ్డాడు' అని పడిందంటే, తర్వాత ఈఎస్ఐ దగ్గరా, కార్మిక శాఖ దగ్గరా అదే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. మొదటి రెండు వారాల బిల్లులు కట్టి, ఆ తర్వాత ఫోన్ ఎత్తని ఓనర్లను చూశాం. పరిహారం కేసు నిలిచేదీ, కూలేదీ చాలామట్టుకు ఆ ఒక్క లైను మీదే.

డాక్టరు అడిగినప్పుడు ఎక్కడ, ఏ పనిలో, ఏ మిషన్ దగ్గర, ఎన్ని గంటలకు జరిగిందో జరిగినట్టు చెప్పండి. మెడికో లీగల్ కేసుగా రిజిస్టర్ చేయమని అడగండి, దాన్నే ఎంఎల్‌సీ అంటారు. ఆ నంబరు రాసి పెట్టుకోండి. నిజం రాయించినంత మాత్రాన ఓనరు జైలుకు పోడు, ఆ భయంతో వెనక్కి తగ్గకండి. దెబ్బ తిన్నవాడు మాట్లాడలేని స్థితిలో ఉంటే వెంట వచ్చిన తోటి కార్మికుడు ఆ మాట చెప్పాలి. అబద్ధం ఇప్పటికే రాయించేసి ఉంటే, డిశ్చార్జి కాకముందే డాక్టరుకు జరిగింది చెప్పి కేస్ షీటులో రాయమని అడగండి. తోటివాళ్ల దగ్గర తేదీతో వాంగ్మూలం రాయించి సంతకాలు తీసుకోండి.

ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి?

ప్రాణాపాయం ఉంటే దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న చోటికే. ఈఎస్ఐ కార్డు ఉన్నా ముందు ఎక్కడైనా చేర్చి, ఆ తర్వాత తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రికో, మీ డిస్పెన్సరీకో వీలైనంత త్వరగా తెలియజేయాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. ఎముకలు విరిగితే, కాలో చెయ్యో పోయి కృత్రిమ అవయవం అవసరమైతే టీటీడీ ఆధ్వర్యంలోని బర్డ్ ఆసుపత్రి ఉంది. చిత్తూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉంది.

ఏ కాగితాలు దాచిపెట్టుకోవాలి?

మొదటి ఓపీ చీటీ, ఎంఎల్‌సీ నంబరు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి బిల్లు. వీటితో పాటు జీతం ఎంతో చూపించేది ఏదైనా కావాలి. పే స్లిప్ లేకపోతే బ్యాంకు ఖాతా, ఫోన్‌పే జమలు, మేస్త్రి వాట్సాప్‌లో పెట్టిన హాజరు, గేటు పాసు, యూనిఫాంతో దిగిన ఫోటో కూడా పనికొస్తాయి. అన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపండి. ఒరిజినల్స్ ఓనరు చేతికి ఇవ్వకండి.

## జీతం, పరిహారం

పనిలో చేరి పది రోజులే అయింది. ఈఎస్ఐ నాకు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మామూలు జబ్బుకు జీతభత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు కట్టి ఉండాలి. పనిలో తగిలిన దెబ్బకు ఆ షరతు లేదు, చేరిన మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. కోలుకునేదాకా సగటు రోజు కూలిలో 90 శాతం ఇస్తారు. ప్రమాదం జరిగిన రోజు కాకుండా కనీసం మూడు రోజులు పనికి దూరమై ఉండాలి. అవయవం శాశ్వతంగా దెబ్బతింటే మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తుంది, దాని ప్రకారం నెలనెలా జీవితాంతం వస్తుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారు ఈఎస్ఐ కిందికి వస్తారు. మీ జీతంలో కోసేది 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం.

ఓనరు ఈఎస్ఐలో నా పేరు చేర్చలేదు. ఇక అంతేనా?

కాదు. చేర్చాల్సిన బాధ్యత ఆయనది. ఆయన తప్పుకు మీ హక్కు పోదు. ఈఎస్ఐ కార్పొరేషన్ మీకు ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ మొత్తం యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. అక్కడ పది మంది, అంతకు మించి పనిచేస్తున్నారని, మీరూ వాళ్లలో ఒకరని చూపించగలగాలి. ఈఎస్ఐ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మాది చిన్న యూనిట్, ఈఎస్ఐ లేదు. బొటనవేలు పోతే ఎంతొస్తుంది?

ఈఎస్ఐ లేని చోట యజమానే పరిహారం కట్టాలి. పూర్తి శాశ్వత వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తారు. లెక్కలోకి తీసుకునే జీతం 2020 జనవరి నుంచి గరిష్ఠంగా 15,000 రూపాయలు. ఆ మొత్తంలో, పోయిన అవయవానికి జాబితాలో ఉన్న శాతం మీకు వస్తుంది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40 శాతం.

ముప్పై ఏళ్ల మనిషికి 15,000 జీతం అనుకుందాం. 9,000ని ఆ వయసు గుణకం 207.98తో హెచ్చవేస్తే 18,71,820. అందులో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. వైద్యానికి నిజంగా అయిన ఖర్చు దీనికి అదనం. 'యాభై వేలు ఇస్తా, తెల్లకాగితం మీద సంతకం పెట్టు' అనే ఓనరుకు ఈ లెక్క చూపించండి. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు.

నేను కాంట్రాక్టరు కింద పనిచేస్తా. కంపెనీ 'నువ్వు మా మనిషివి కాదు' అంటోంది.

కంపెనీ వ్యాపారంలో భాగమైన పని వాళ్ల ఆవరణలో చేస్తుండగా దెబ్బ తగిలితే కంపెనీ నుంచే పరిహారం కోరవచ్చు. కట్టిన తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం కంపెనీ పని. అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి.

మిషన్ గార్డు తీసేసి పని చేశాను. నాదే తప్పు కదా?

తప్పు ఎవరిదన్నది ఈ చట్టంలో మొదటి ప్రశ్న కాదు. పనిలో, పని వల్ల దెబ్బ తగిలిందా అన్నదే చూస్తారు. మద్యం మత్తులో ఉన్నా, రక్షణ గార్డును కావాలని తొలగించినా యజమాని తప్పించుకునే వీలుంది. కానీ మనిషి చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా ఆ వాదన పనిచేయదు. అదీగాక ప్రొడక్షన్ తగ్గుతోందని సూపర్‌వైజరే గార్డు తీయించిన సందర్భాలు చాలా ఉంటాయి. అందరూ అలాగే పనిచేసేవారని తోటివాళ్లు చెబితే అది మీ ఇష్టంతో చేసిన తప్పు కాదని నిలబెట్టవచ్చు.

సత్యవేడు నుంచి కంపెనీకి బండి మీద వెళ్తుంటే యాక్సిడెంట్ అయింది. ఇది పనిలో దెబ్బేనా?

ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో జరిగినా లెక్కలోకి వస్తుంది. సమయం, దారి, పని వీటికి పొంతన కుదరాలి. షిఫ్టు టైము చూపించే కాగితం ముఖ్యం. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టనవసరం లేని చికిత్స పథకం 2025 మే నుంచి ఉంది, ఆసుపత్రిలో అడగండి.

మా పక్కన ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా వాళ్లకు దెబ్బ తగిలింది. ఊరికి వెళ్లిపోతే కేసు పోతుందా?

పోదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితులు నివసించే చోట కూడా అర్జీ వేసుకోవచ్చు. వాళ్లు రైలెక్కే ముందే ఆసుపత్రి కాగితాలు, బట్టీ చిరునామా, యజమాని పేరు, మేస్త్రి ఫోన్ నంబరు రాయించి ఇవ్వండి. ఊరు చేరాక అవి సంపాదించడం చాలా కష్టం.

ఎన్ని రోజుల్లోపు అర్జీ పెట్టాలి?

రెండేళ్లలోపు, కార్మిక శాఖలో. పరిహారం నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

కూలి పని, ఇళ్లల్లో పని చేసేవాళ్లకు ఏమీ లేదా?

ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోండి. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఎవరైనా చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష వస్తుంది. కట్టుబడి పనివాళ్లు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. తోటల్లో మందు కొట్టే కూలీలు, ట్రాక్టరు మీద పనిచేసేవారు మాత్రం పరిహార చట్టం జాబితాలోనే ఉన్నారు.

## మెల్లగా వచ్చే జబ్బులు

గ్రానైట్ కటింగ్‌లో పదేళ్లుగా ఉన్నా. దగ్గు, ఆయాసం. టీబీ మందులు వాడినా తగ్గలేదు. ఎందుకు?

రాతి పొడి వల్ల వచ్చే సిలికోసిస్ అయి ఉండొచ్చు. గ్రానైట్‌లో ఉండే సిలికా కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు కంటికి కనిపించనంత సన్నటి పొడిగా లేస్తుంది. అది ఊపిరితిత్తుల అడుగుకు చేరి మచ్చలు కట్టిస్తుంది. ఎక్స్‌రేలో ఆ మచ్చలు చాలాసార్లు టీబీలాగే కనిపిస్తాయి. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే అవకాశం కూడా ఎక్కువే, కాబట్టి రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాలి: 'ఇన్నేళ్లు రాయి కోసే పని చేశాను' అని. ఆ మాట ఓపీ చీటీలో రాయించుకోండి. టీబీ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. పొడిలో పని ఆపితే ముదరడం నెమ్మదించవచ్చు, బీడీ మానితే ఆయాసం కొంత తగ్గుతుంది. ఇంకా జబ్బు రానివాళ్ల సంగతే మాకు పెద్ద బెంగ. బ్లేడు మీద నీళ్లు నిరంతరం పడాలి, పొడి కోత అసలు కూడదు. ముఖానికి కట్టే తువ్వాలు ఈ పొడిని ఆపదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 లాంటి మాస్కు కావాలి. షెడ్డు పొడిచీపురుతో ఊడవకుండా తడిపి తుడవాలి. సిలికోసిస్ చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, దానికీ పరిహారం కోరవచ్చు. గుర్తించిన డాక్టరు ఫ్యాక్టరీల శాఖకు తెలియజేయాలి కూడా.

పాత బ్యాటరీలు విప్పే పని. కడుపునొప్పి, నీరసం. పిల్లవాడూ డల్‌గా ఉంటున్నాడు. సంబంధం ఉందా?

ఉండొచ్చు. బ్యాటరీల్లో ఉండే సీసం (లెడ్) పొడి చేతుల మీదా, బట్టల మీదా ఇంటికి వస్తుంది, పిల్లలకు అది పెద్దవాళ్లకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది, చదువు మీద కూడా. మీ ఇద్దరికీ రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి. పని బట్టలు పనిచోటే మార్చుకోండి, స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోండి. పని దగ్గర తినడం, బీడీ తాగడం మానేయండి.

మగ్గాల చప్పుడుకు చెవులు సరిగా వినపడడం లేదు. మందు ఉందా?

చప్పుడు వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవడమే మన చేతిలో ఉంది. ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. చప్పుడు వల్ల వచ్చే చెవుడు కూడా పరిహారం జాబితాలో ఉంది.

ఎలక్ట్రానిక్స్ లైనులో షిఫ్టంతా నిలబడే పని. నడుము, మణికట్టు నొప్పులు. ఏమైనా వస్తుందా?

వీటికి పరిహారం సాధించడం కష్టమే. ఈఎస్ఐలో వైద్యం, చందా షరతు తీరితే ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తాయి. గంటకోసారి పని మార్చమని, కూర్చోడానికి స్టూలు పెట్టమని లైనులో ఉన్న ఆడపిల్లలంతా కలిసి రాసి ఇవ్వండి. ఒక్కరే అడిగితే పేరు పడుతుందని భయపడతారు, ఆ భయం అర్థం లేనిది కాదు.

## పనికి తిరిగి వెళ్లేటప్పుడు

'ఇక నీతో పని కాదు, రాజీనామా రాసిచ్చేయ్' అంటున్నారు.

రాయకండి. రాజీనామా మీ ఇష్టంతో వెళ్లిపోయినట్టు చూపిస్తుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఏ పని చేయవచ్చో, ఏది కూడదో డాక్టరుతో రాయించి, తేలిక పని ఇవ్వమని అర్జీ పెట్టండి. వద్దంటే వాళ్లనే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితంతో కార్మిక శాఖకు వెళ్లండి.

వికలాంగుల పింఛను వస్తుందా?

ప్రభుత్వ మెడికల్ బోర్డు 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఇస్తే, మిగతా అర్హతలు కూడా కుదిరితే, ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయలు వస్తుంది. సచివాలయంలో దరఖాస్తు చేయండి.

## ప్రాణం పోతే

పెద్దమనుషులు కూర్చుని మూడు లక్షలకు మాట్లాడారు. ఒప్పుకోవచ్చా?

శవం ఇంట్లో ఉండగా జరిగే ఆ మాటల్లో మీకు ఇవ్వజూపేది సాధారణంగా మీకు రావాల్సిన దానికంటే బాగా తక్కువ. నలభై ఏళ్ల మనిషికి 15,000 జీతం ఉంటే లెక్క ఇది: చావుకు లెక్కలోకి తీసుకునే సగం జీతం 7,500, ఆ వయసు గుణకం 184.17, మొత్తం 13,81,275 రూపాయలు. పైగా చావు పరిహారాన్ని యజమాని కార్మిక శాఖ అధికారి దగ్గర జమ చేయాలి, నేరుగా చేతికి ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. కాబట్టి దహన సంస్కారాలకు ఇచ్చింది తీసుకోండి, 'ఇక మాకు ఏ బాకీ లేదు' అనే కాగితం మీద మాత్రం సంతకం చేయకండి. పోస్ట్‌మార్టం జరగాల్సిందే, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోవాల్సిందే.

ఈఎస్ఐ ఉన్న మనిషి పనిలో చనిపోతే భార్యకు ఏమొస్తుంది?

ఆయన రోజు కూలిలో 90 శాతాన్ని భార్య, పిల్లలు తదితర ఆశ్రితులకు పంచి నెలనెలా ఇస్తారు. భార్యకు జీవితాంతం, లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా వస్తుంది. అంత్యక్రియలకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. మరణ ధ్రువపత్రం, పోస్ట్‌మార్టం నివేదిక, ఎఫ్ఐఆర్, పెళ్లి, పిల్లల వయసు తెలిపే కాగితాలు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయానికి వెళ్లండి. యజమాని ప్రమాదం రిపోర్టు పంపలేదని వాళ్లు చెబితే, మీరే దరఖాస్తు ఇచ్చి అందినట్టు రసీదు తీసుకుని రండి.